కొత్త నగరంలో మ్యూజియంలు, ప్రదర్శనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నగరాలు మారినా సందేహాలు మారవు. ఊరు చూడటానికి బయలుదేరే బంధువులు, స్నేహితులు నన్ను అడిగేవి ఏళ్లుగా ఇవే. ప్రతిసారీ ఫోనులో సగం చెప్పి సగం మరిచిపోతున్నాను కనుక ఒకచోట రాసి పెట్టాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికే వెళ్లండి.

## బయలుదేరే ముందు

ఉండేది రెండు రోజులే. ఎన్ని మ్యూజియంలు పెట్టుకోవచ్చు?

రోజుకు ఒక పెద్దది. ఓపిక మిగిలితే సాయంత్రం ఒక చిన్నది. అంతకు మించి పెట్టుకుంటే చూసినట్టు ఉండదు, తిరిగినట్టు ఉంటుంది. ప్యారిస్‌లోని లూవ్ర్‌నే తీసుకోండి. అక్కడ ప్రదర్శనలో ఉన్న కళాఖండాలు సుమారు 35 వేలు. ఒక్కోదానికి పది సెకన్లే ఇచ్చినా, తిండీ నిద్రా మాని నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు నడవాలి. అన్నీ చూడటం ఎవరి వల్లా కాదు. కాబట్టి ఏవి వదిలేయాలో ముందే నిర్ణయించుకున్నవారికే నాలుగు వస్తువులు నిజంగా కనిపిస్తాయి.

పేరున్న పెద్ద మ్యూజియానికే వెళ్లాలా? చిన్నవాటికి వెళ్తే సమయం వృథా అవుతుందేమో?

చిన్నవి వదులుకోవద్దని గట్టిగా చెబుతాను. ఒక మనిషి ఇల్లు, ఒక వృత్తి, ఒక సంఘటన చుట్టూ కట్టిన చిన్న మ్యూజియంలో అలసట ఉండదు. చెప్పదలచుకున్న మాట ఒక్కటే కనుక అది సూటిగా తగులుతుంది. లండన్‌లో సర్ జాన్ సోన్ అనే వాస్తుశిల్పి ఇల్లు ఉంది. ఆయన జీవించి ఉండగానే, 1833లో, ఆ ఇంటిని తన తరువాత యథాతథంగా ఉంచేలా పార్లమెంటులో చట్టం చేయించుకున్నారు. 1837లో కన్నుమూశారు. ఇరుకు గదుల్లో నేల నుంచి పైకప్పు దాకా శిల్పపు ముక్కలు, చిత్రాలు, అద్దాలు నిండిపోయి ఉంటాయి. సేకరించే పిచ్చి ఒక మనిషిని ఎలా పట్టుకుంటుందో పెద్ద మ్యూజియం ఏదీ అంత బాగా చూపించలేదు.

సెలవు రోజు ఏదో ఎలా తెలుసుకోవాలి?

ప్రపంచంలో చాలా మ్యూజియంలు సోమవారం మూసి ఉంటాయి. దాన్నే నియమం అనుకుంటే దెబ్బతింటారు. లూవ్ర్‌కు సెలవు మంగళవారం, హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవవు. ఒకసారి నేను రైలు దిగి నేరుగా వెళ్లి, తాళం వేసిన గేటు ముందు నిలబడ్డాను. ఆ నగరంలో నాకున్నది ఆ ఒక్క రోజే. అప్పటి నుంచి రైలు టికెట్టు కొనే ముందే సెలవు రోజు చూసుకుంటున్నాను.

మ్యూజియం సొంత వెబ్‌సైటులో మూడు విషయాలు చూడండి: వారపు సెలవు, పండుగ సెలవులు, ఆ రోజు మూసి ఉండే గదుల జాబితా. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. మ్యూజియం తెరిచే ఉంటుంది, మీరు వెళ్లిన గది మాత్రం మరమ్మతులో ఉంటుంది.

టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొనాలా, అక్కడికి వెళ్లి కొనుక్కోవచ్చా?

మామూలు మ్యూజియాలకు అక్కడే దొరుకుతుంది. కొన్నిచోట్ల మాత్రం ముందుగా కొనకపోతే లోపలికి దారే లేదు. మిలాన్‌లో డావిన్చీ గోడచిత్రం ‘చివరి విందు’ ఉన్న గదిలోకి కొద్దిమందినే, అదీ పావుగంటకే పంపుతారు. జనం ఊపిరిలోని తేమ, వెంట వచ్చే దుమ్ము ఆ గోడకు చేటు. రోమ్‌లోని బొర్గేసె గ్యాలరీలో రెండు గంటల చొప్పున విడతలుంటాయి. ఆమ్‌స్టర్‌డాంలోని ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు. ఇలాంటి చోట్లకు తేదీ ఖాయం కాగానే కొనేయండి.

కొనేటప్పుడు జాగ్రత్త. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట కనిపించేవి చాలాసార్లు మధ్యవర్తుల సైట్లే. అదే టికెట్టును ఎక్కువ ధరకు అమ్ముతారు. మ్యూజియం సొంత సైటు చిరునామా సరిచూసుకుని అక్కడే కొనండి.

ఉచిత ప్రవేశం ఉన్న రోజున వెళ్లడం మంచిదా?

డబ్బు చూసుకోవలసిన పరిస్థితి ఉంటే తప్పక వెళ్లండి, ఆ రోజులు పెట్టింది అందుకే. కాకపోతే జనం కిక్కిరిసి ఉంటారని సిద్ధపడి వెళ్లండి. తొలిసారి చూస్తున్న, మీరెంతో కోరుకున్న మ్యూజియం అయితే టికెట్టు కొని మరో రోజు వెళ్లడమే మేలు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలలో శాశ్వత ప్రదర్శనలకు ఏడాది పొడుగునా ప్రవేశం ఉచితమే. అలాంటి చోట్ల ఉచితమనే మాటకు అసలు విలువ ఇది: ఒకేసారి అయిదు గంటలు ఉండనక్కర లేదు, రెండు పూటలు గంట చొప్పున వెళ్లి రావచ్చు.

వెళ్లే ముందు ఏమైనా చదువుకోవాలా?

అరగంట చాలు. చరిత్ర అంతా చదివి వెళ్తే కళ్లు చదివినదాన్నే వెతుకుతాయి, కొత్తది చూడవు. మ్యూజియం వెబ్‌సైటులో సేకరణను తిరగేసి, మనసు ఆగిన అయిదు వస్తువుల పేర్లు, గది సంఖ్యలు రాసుకోండి. అవి ఇప్పుడు ప్రదర్శనలో ఉన్నాయో లేదో అక్కడే రాసి ఉంటుంది. పేరున్న వస్తువులు అరువు మీద వేరే దేశానికి వెళ్లడం, మరమ్మతు గదిలో ఉండటం మామూలే.

## వెళ్లిన రోజు

ఏ సమయంలో జనం తక్కువగా ఉంటారు?

తలుపులు తెరిచిన మొదటి గంట, మూసే ముందు చివరి రెండు గంటలు. వారంలో ఒక రోజు రాత్రి దాకా తెరిచి ఉంచే మ్యూజియంలు చాలా ఉన్నాయి. ఆ సాయంత్రం దొరికితే వదలకండి. పొద్దున్నే వెళ్తే అందరూ ద్వారం పక్క గదుల్లో ఆగుతారు. మీరు లోపలి చివరి గదులకు వెళ్లి, వెనక్కి నడుస్తూ రండి. సాయంత్రం వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. చివరి ప్రవేశం సాధారణంగా మూసే వేళకు అరగంట, గంట ముందే ఆగిపోతుంది. గదులు ఖాళీ చేయించడం కూడా కాస్త ముందే మొదలవుతుంది.

బ్యాగు, గొడుగు, నీళ్ల సీసా లోపలికి తీసుకెళ్లనిస్తారా?

చిన్న చేతి సంచి పరవాలేదు. వీపు సంచిని మాత్రం చాలాచోట్ల సామాను గదిలో పెట్టమంటారు, లేదా ముందువైపు తగిలించుకోమంటారు. వెనక్కి తిరిగినప్పుడు మన వీపున ఏముందో మనకు కనిపించదు కదా. గొడుగు, నీళ్లు, తినేవి కూడా అంతే: తడి, పురుగులు వస్తువులకు శత్రువులు. గది ఖాళీ చేసి విమానాశ్రయానికి వెళ్తూ దారిలో మ్యూజియం చూద్దామనుకుంటే ముందు కనుక్కోండి. పెద్ద సూట్‌కేసులను సామాను గదిలో కూడా తీసుకోని చోట్లున్నాయి.

లోపలికి వెళ్లగానే ఎటు వెళ్లాలో తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నేలపటం తీసుకుని, నిలబడి రెండు నిమిషాలు చూడండి. మరుగుదొడ్లు, కుర్చీలు, మీరు ఎంచుకున్న గదులు గుర్తు పెట్టుకోండి. నా అలవాటు ఇది: ఒక అంతస్తు ఎంచుకుని, ఆగకుండా అన్ని గదులూ ఒకసారి చుట్టి వస్తాను. పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ నడకలో నన్ను వెనక్కి లాగినవి రెండో మూడో ఉంటాయి. తిరిగి వాటి దగ్గరికే వెళ్తాను. మొదటి గది మొదటి వస్తువు నుంచి వరుసగా చదువుకుంటూ వెళ్లేవారు మూడో గదికే అలసిపోవడం చాలాసార్లు చూశాను. పాపం, వారి శ్రద్ధంతా మొదటి గదికే ఖర్చయిపోతుంది.

గంట దాటితే కాళ్లు లాగుతాయి, తల మొద్దుబారుతుంది. నాకు ఆసక్తి లేనట్టేనా?

కానే కాదు. ఇది అందరికీ జరిగేదే. దీనికి ‘మ్యూజియం అలసట’ అనే పేరు కూడా ఉంది. బోస్టన్ లలిత కళల మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లో దీని మీద ఒక వ్యాసం రాశారు. గాజు పెట్టెల్లోని వస్తువులను చూడటానికి ఒక మనిషి ఎలా వంగాలో, ఎలా మెడ సాచాలో, ఎలా మోకాళ్ల మీద కూర్చోవాలో ఫోటోలు తీయించి మరీ చూపించారు. తప్పు చూసేవారిలో లేదు, వస్తువులు పెట్టిన తీరులో ఉందని ఆయన వాదన. నూరేళ్లు దాటినా ఆ మాట నిజమే.

శరీరానికి తిన్నగా నడవడం సుఖం. రెండడుగులు వేసి ఆగడం, నిలబడటం, మళ్లీ రెండడుగులు వేయడం కష్టం. పైగా ప్రతి వస్తువు దగ్గరా ‘ఇక్కడ ఆగనా, వద్దా’ అని మనసు నిర్ణయించుకుంటూనే ఉండాలి. కాబట్టి ముప్పావుగంటకు ఒకసారి కూర్చోండి. కిటికీ ఉంటే బయటి చెట్టునో ఆకాశాన్నో చూడండి. అదే టికెట్టు మీద బయటికి వెళ్లి తిరిగి రానిస్తారేమో ద్వారం దగ్గర అడగండి, రానిస్తే ఒక గంట బయట గడిపి రండి. ఇక చాలనిపిస్తే వచ్చేయండి. టికెట్టు డబ్బు రాబట్టుకోవడానికి ఇంకో ఆరు గదులు తిరిగితే బాగా చూసినవి కూడా మసకబారతాయి.

## వస్తువు ముందు నిలబడినప్పుడు

ఒక్కో చిత్రం ముందు ఎంతసేపు నిలబడాలి?

న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో గొప్ప చిత్రం ముందు ఎంతసేపు ఆగుతున్నారో ఇద్దరు పరిశోధకులు లెక్కపెట్టారు. 2001లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం సగటు 27 సెకన్లు. సగం సందర్భాల్లో 17 సెకన్లకు మించలేదు. అందులోనే పక్కనున్న వివరాలు చదివే సమయం కూడా ఉంది.

మ్యూజియం మొత్తంలో ఒక్క చిత్రానికి పది నిమిషాలు ఇచ్చి చూడండి. ఏం చేయాలి పది నిమిషాలు అంటారా? మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో వెలాస్కెజ్ 1656లో వేసిన ‘లాస్ మెనినాస్’ ఉంది. మొదటి నిమిషంలో మధ్యలో తెల్ల గౌనులో ఉన్న చిన్న రాకుమారి, చుట్టూ చెలికత్తెలు, పడుకున్న కుక్క కనిపిస్తాయి. కాసేపటికి ఎడమవైపు కుంచె పట్టుకుని నిలబడ్డ మనిషి చిత్రకారుడేనని తెలుస్తుంది. ఆయన మనవైపే చూస్తున్నాడు. మరి ఎవరి బొమ్మ వేస్తున్నాడు? ఇంకాసేపు చూస్తే వెనుక గోడ మీద చిన్న అద్దం, అందులో రాజు, రాణి మసకగా కనిపిస్తారు. అంటే వారు నిలబడిన చోటే మనమూ నిలబడ్డాం. ఆ వెనుక తలుపు తెరిచి ఉంది, మెట్ల మీద ఒకాయన ఆగి వెనక్కి చూస్తున్నాడు, లోపలికి వస్తున్నాడో వెళ్లిపోతున్నాడో తెలియదు. 17 సెకన్లలో ఒక అందమైన రాజకుటుంబ చిత్రం చూసి వెళ్లిపోతాం. పది నిమిషాల్లో ఆ గదిలోకి మనమూ వెళ్తాం.

పక్కకు జరిగి, దగ్గరికి వెళ్లి, దూరంగా వచ్చి చూడండి. వెలుగు ఎటు నుంచి పడుతోందో, ఎవరు ఎవరిని చూస్తున్నారో, కళాకారుడు ఏ మూలను పట్టించుకోకుండా వదిలేశాడో చూడండి. మూడో నిమిషంలో విసుగొస్తుంది. అది దాటాక అసలు చూడటం మొదలవుతుంది.

అంత పేరున్న చిత్రం చూసి ‘ఇంతేనా’ అనిపించింది. లోపం నాదా?

మోనాలిసా గురించే అడుగుతున్నారు కదా! లూవ్ర్‌లో ఉన్న ఆ చిత్రం ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. గాజు వెనుక ఉంటుంది, ముందు వందలమంది ఫోన్లు ఎత్తి నిలబడతారు. 1911లో దొంగతనానికి గురై, రెండేళ్ల తరువాత దొరకడం వల్ల దాని పేరు పత్రికల ద్వారా ప్రపంచమంతా పాకింది. అంత పేరుతో పోటీపడి ఏ చిత్రమైనా ఓడిపోతుంది. లోపం మీది కాదు. అక్కడే వెనక్కి తిరగండి. ఎదురు గోడ మీద వెరొనేసే వేసిన ‘కానాలో పెళ్లి’ ఉంటుంది, దాదాపు పది మీటర్ల వెడల్పు. గదిలో సగం మంది దానికి వీపు పెట్టి నిలబడి ఉంటారు.

ఊహించినంత పెద్దగా ఉండకపోవడంలోనే ఒక్కోసారి అద్భుతం ఉంటుంది. మొహెంజొదారో నాట్యకత్తె కంచు బొమ్మను పాఠ్యపుస్తకాల్లో చూసి అందరం మనిషంత ఎత్తు ఊహించుకున్నవాళ్లమే. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో దాని అసలు ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు. అరచేతిలో పట్టే ఆ బొమ్మలో నడుము మీద చేయి వేసిన ఆ ధీమా ఎలా పట్టిందో అనిపిస్తుంది.

ముందు పక్కనున్న వివరాలు చదవాలా, బొమ్మ చూడాలా?

బొమ్మ. ముందు చదివితే అందులో రాసినది కనిపించగానే చూడటం ఆపేస్తాం. ఒక నిమిషం చూసి, ‘ఇది ఏమై ఉంటుంది’ అని మనసులో అనుకుని, అప్పుడు చదవండి. మీ ఊహ తప్పితే ఇంకా మంచిది, ఆ వస్తువు ఇక మరిచిపోరు.

వివరాల పలక మీద పేరు, సంవత్సరం తప్ప మిగతావి అర్థం కావు. వాటివల్ల ఉపయోగముందా?

చాలా ఉంది. మొదట, దేనితో చేశారన్నది చూడండి: చెక్క మీద తైలవర్ణమా, కాగితం మీద నీటిరంగా, సున్నపురాయా, కంచా. చిత్రకారుడి పేరు ముందు ‘ఆయనదని భావిస్తున్నారు’ అనే అర్థం వచ్చే మాట ఉంటే పండితులకు పూర్తి నమ్మకం లేదని తెలుసుకోవాలి. ‘ఆయన కార్యశాల’ అంటే శిష్యుల చేయి పడింది. ‘ఆయనను అనుసరించి’ అంటే తరువాతివారు చేసిన నకలు. అడుగున ఉండే సంఖ్యలో చాలాసార్లు ఆ వస్తువు మ్యూజియానికి చేరిన సంవత్సరం ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాల సంఖ్యలు 1880తో మొదలవుతాయి. అవి ఆ సేకరణలో చేరిన ఏడాది అది.

విగ్రహాలు, కుండలు, నాణేల ముందు ఏం చూడాలో తెలియదు. అన్నీ ఒకేలా ఉంటాయి.

ఏ పనికి చేశారో అని ఆలోచిస్తే ఒకేలా ఉండవు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో చోళుల కాలపు కంచు విగ్రహాలున్నాయి. ముఖాల నుంచి చూపు దించి పీఠాలు చూడండి. రంధ్రాలు, కొక్కేల్లాంటి కడియాలు కనిపిస్తాయి. ఊరేగింపులో వాహనానికి కట్టడానికి, కర్రలు దూర్చి మోయడానికి అవి. గాజు పెట్టెలో కదలక నిలబడ్డ ఆ దేవుడు వీధుల్లో భుజాల మీద కదిలిన దేవుడని అప్పుడు తెలుస్తుంది.

రాతి శిల్పమైతే వెనక్కి వెళ్లి చూడండి. గోడకు ఆనుకుని ఉండాల్సినదైతే వెనుక చెక్కకుండా వదిలేస్తారు, ఉలి గాట్లు అలాగే ఉంటాయి. కుండ లోపలి అంచున సారె తిరిగిన గీతలు, కొన్నిసార్లు కుమ్మరి వేలి ముద్రలు కనిపిస్తాయి. నాణెం ఏవైపు ఎక్కువ అరిగిందో చూడండి. ఎన్ని చేతులు మారితే అంత అరుగుతుంది.

ఆధునిక చిత్రాలు అర్థం కావు. చూసి నచ్చినట్టు నటించాలా?

నటించవద్దు. నచ్చకపోవడం కూడా ఒక జవాబే. అర్థం వెతికే ముందు మూడు చిన్న ప్రశ్నలు వేసుకోండి: ఎంత పెద్దది, దేనితో చేశారు, ఏది కావాలని వదిలేశారు. మాడ్రిడ్ రైనా సోఫియా మ్యూజియంలో ఉన్న పికాసో ‘గెర్నికా’ను చూడండి. మూడున్నర మీటర్ల ఎత్తు, దాదాపు 7.8 మీటర్ల వెడల్పు. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా పట్టణం మీద బాంబులు పడ్డాయి. ఆ ఏడే వేసిన చిత్రంలో ఎరుపు లేదు, నలుపు, తెలుపు, బూడిద రంగులే ఉన్నాయి. అంత నెత్తురు పారిన రోజును నెత్తురు రంగు లేకుండా ఎందుకు వేశారు? ఆ ప్రశ్నతో నిలబడితే చాలు, చిత్రమే మాట్లాడుతుంది.

గాజు పెట్టెలో ఉన్నది అసలుదేనా, నకలా? నకలైతే చూడటం ఎందుకు?

వివరాల పలక మీద నకలని రాసి ఉంటుంది. డైనోసార్ అస్థిపంజరాలు చాలా మ్యూజియంలలో అచ్చు పోసినవే. లండన్‌లో 1905 నుంచి జనం ముద్దుగా ‘డిపీ’ అని పిలుచుకున్న డిప్లోడోకస్ కూడా ప్లాస్టర్ నకలే. అసలు ఎముకలు అమెరికాలో ఉన్నాయి. నకలుకు కూడా విలువ ఉంటుంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1873లో తెరిచిన నకళ్ల గదుల్లో, రోమ్‌లోని ట్రాజన్ చక్రవర్తి విజయస్తంభపు ప్లాస్టర్ అచ్చును రెండు ముక్కలుగా నిలబెట్టారు. రోమ్‌లో అసలు స్తంభం ఎండకూ వానకూ పొగకూ అరిగింది. అచ్చు తీసిన 19వ శతాబ్దంలో స్తంభం మీద ఉన్న గీతలు అచ్చులో అలాగే నిలిచాయి.

ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయో తెలిస్తే మనసు కలవరపడుతుంది. చూసి ఆనందించడం తప్పా?

తప్పు కాదు. కలవరపడటమూ తప్పు కాదు. రెండూ ఒకే మనసులో ఉండవచ్చు. లండన్‌లో అమరావతి శిల్పాల ముందు నిలబడినప్పుడు నాకు ఈ రెండూ ఒకేసారి కలిగాయి. ఆ స్తూపాన్ని ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ మెకంజీ 1797లో చూశారు. అప్పటికే స్థానికులు రాళ్లను కట్టడాలకు వాడుకుంటున్నారు, కొన్నిటిని సున్నానికి కాల్చేశారు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపించారు. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. మిగిలినవి, తరువాతి తవ్వకాల్లో దొరికినవి చాలావరకు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. ఒకే స్తూపపు రాళ్లు సముద్రానికి అటూ ఇటూ ఉండిపోయాయి.

తరలించకపోతే సున్నమయ్యేవి అనేవారి మాటలో కొంత నిజం ఉంది. అడగకుండా తీసుకెళ్లారు అనేవారి మాటలో కూడా నిజం ఉంది. నేను కోరేది ఒకటే. ఏ వస్తువు ముందైనా ‘నువ్వు ఇక్కడికి ఎలా వచ్చావు’ అని అడగండి. బహుమతి, కొనుగోలు, తవ్వకం, యుద్ధం: వీటిలో ఏదో పలక మీద చెప్పకపోతే, ఆ మౌనాన్ని కూడా గమనించండి.

ఫోటోలు తీసుకోవచ్చా? ఫ్లాష్ ఎందుకు వద్దంటారు?

సొంతానికి, ఫ్లాష్ లేకుండా తీసుకోవడానికి ఇప్పుడు చాలాచోట్ల అనుమతి ఉంది. అరువు తెచ్చిన వస్తువులకు, ప్రత్యేక ప్రదర్శనలకు నిషేధం ఉండవచ్చు, గది ద్వారం దగ్గర గుర్తు చూడండి. సెల్ఫీ కర్ర, మూడుకాళ్ల స్టాండు దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. ఫ్లాష్ పక్కవారి చూపును చెదరగొడుతుంది, గాజు మీద మెరిసి మీ ఫోటోను కూడా పాడుచేస్తుంది. వస్తువు ఫోటో తీశాక దాని వివరాల పలకను కూడా తీయండి, లేకపోతే ఇంటికి వెళ్లాక ఏది ఏదో చెప్పలేరు. అన్నిటికంటే ముందు కంటితో చూడండి, ఆ తరువాతే ఫోను తీయండి.

కొన్ని గదులు ఎందుకంత చీకటిగా ఉంటాయి?

కాగితం, బట్ట, నీటిరంగు, పాత ఫోటో వెలుగుకు వాడిపోతాయి. ఆ నష్టం రోజురోజుకూ పోగవుతుంది, తిరిగి రాదు. అందుకే అలాంటి గదుల్లో వెలుగును దాదాపు 50 లక్సులకు (లక్సు వెలుగు కొలత) మించనివ్వరు, కొన్ని నెలలు చూపించి మళ్లీ చీకట్లో దాచేస్తారు. లోపలికి వెళ్లాక రెండు మూడు నిమిషాలు ఊరికే నిలబడండి. కళ్లు అలవాటు పడగానే రంగులు ఒక్కొక్కటే పైకి తేలుతాయి.

ఒక్కసారి తాకితే ఏమవుతుంది?

వేలి మీది నూనె, ఉప్పు, చెమట రాతి రంధ్రాల్లోకి దిగుతాయి, లోహాన్ని తింటాయి. మీది ఒక్క వేలే, కానీ రోజుకు వేలమంది వస్తారు. తాకాలని ఉంటే అందుకోసమే పెట్టిన నమూనాలు ఉన్నాయేమో అడగండి. చూపులేనివారి కోసం చాలా మ్యూజియంలు వాటిని ఉంచుతున్నాయి.

## పిల్లలతో, పెద్దలతో

పిల్లలు పది నిమిషాల్లో విసుగుపడతారు. తీసుకెళ్లవచ్చా?

తప్పకుండా, గంటకు మించకుండా. చరిత్ర పాఠం చెప్పకండి, వెతికే పని అప్పగించండి. ముందుగా మ్యూజియం దుకాణంలోకి తీసుకెళ్లి, వారికి నచ్చిన మూడు పోస్టుకార్డులు కొనివ్వండి. ‘ఇవి లోపల ఎక్కడున్నాయో కనిపెట్టు’ అనండి. కార్డులోని బొమ్మ ఎదురుగా అసలు రూపంలో కనబడినప్పుడు వారు వేసే కేక విని నాకు ఎన్నోసార్లు కళ్లు చెమర్చాయి. పెన్సిలు, చిన్న నోటుపుస్తకం ఇస్తే నేల మీద కూర్చుని గీస్తారు. పెన్ను చాలాచోట్ల ఒప్పుకోరు. ఇంకా చిన్నవాళ్లయితే పెద్ద ఆకారాలున్న చోటికి తీసుకెళ్లండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం హాలులో పైనుంచి వేలాడే నీలి తిమింగలం అస్థిపంజరం పొడవు 25 మీటర్లు. దాని కింద నిలబడ్డ పిల్లవాడికి ఎవరూ ఏమీ చెప్పనక్కర లేదు.

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. అంత నడవగలరా?

పెద్ద మ్యూజియంలలో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, ముందురోజు ఫోను చేసి చెబితే సిద్ధంగా ఉంచుతారు. కొన్నిచోట్ల మడత స్టూళ్లు కూడా ఇస్తారు. లిఫ్టు ఏవైపుందో కనుక్కుని ఆ వైపు ద్వారం నుంచే వెళ్లండి. ఒక గదిలో బల్ల మీద వారిని కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న ఒక్క చిత్రాన్నే అరగంట చూసి మాట్లాడుకున్నా ఆ రోజు నిండుగానే ఉంటుంది.

గైడు కావాలా, ఆడియో గైడు చాలా?

తొలిసారైతే గంటసేపు తిప్పి చూపే మనిషి గైడునే ఎంచుకుంటాను. ప్రశ్న అడగవచ్చు కనుక. కొన్ని మ్యూజియంలలో స్వచ్ఛంద సేవకులు రుసుము లేకుండా చూపిస్తారు, వారికి ఆ వస్తువుల మీద ప్రేమ ఉంటుంది. ఆడియో గైడు తీసుకుంటే అన్ని సంఖ్యలూ నొక్కుతూ పోకండి. మీరు ఆగిన చోట మాత్రమే వినండి.

నలుగురం వెళ్తే ఒకరి కోసం ఒకరు ఆగడంతోనే సరిపోతోంది.

విడిపోండి. గంట తరువాత ఫలానా మెట్ల దగ్గర కలుద్దామనుకుని, కలిశాక ఒక్కొక్కరూ మిగతావారికి తమకు నచ్చిన ఒక్క వస్తువు చూపించండి.

## తాత్కాలిక ప్రదర్శనలు, గ్యాలరీలు

ప్రత్యేక ప్రదర్శనకు వేరే టికెట్టు. కొనాలా, శాశ్వత ప్రదర్శనతో సరిపెట్టుకోవాలా?

శాశ్వత సేకరణ మళ్లీ వచ్చినప్పుడూ ఉంటుంది. మంచి ప్రత్యేక ప్రదర్శన మళ్లీ ఉండదు. 2023లో ఆమ్‌స్టర్‌డాం రైక్స్‌మ్యూజియంలో డచ్ చిత్రకారుడు వెర్మీర్ ప్రదర్శన జరిగింది. ఆయనవిగా నిలిచినవే 37 దాకా చిత్రాలు. ఎన్నో నగరాల్లో చెదిరిపోయిన వాటిలో 28 ఒక్కచోట చేరాయి. టికెట్లు త్వరలోనే అయిపోయాయి. చెదిరినవాటిని ఒకచోట చేర్చే ప్రదర్శన అయితే డబ్బు పెట్టండి. తెరల మీద చిత్రాలను పెద్దవి చేసి చూపిస్తూ ‘లీనమయ్యే అనుభవం’ అని ప్రకటించేవాటిలో సాధారణంగా అసలు చిత్రం ఒక్కటీ ఉండదు. అది తెలిసి వెళ్తే సరే.

బినాలే అంటే ఏమిటి? దానికోసం ప్రయాణం తేదీ మార్చుకోవచ్చా?

రెండేళ్లకు ఒకసారి నగరమంతా పరుచుకునే కళా ప్రదర్శన. 1895లో వెనిస్‌లో మొదలైంది. జర్మనీలోని కాసెల్‌లో జరిగే డాక్యుమెంటా అయితే అయిదేళ్లకు ఒకసారి. పాత గోదాములు, మూతపడ్డ కట్టడాలు కూడా ఆ రోజుల్లో తెరుచుకుంటాయి. కొత్త కళ మీద ఇష్టముంటే తేదీ మార్చుకోండి, లేకపోతే ఆ నెలల్లో గదుల అద్దెలు పెరుగుతాయి కనుక తప్పించుకోండి.

కొనే ఉద్దేశం లేకుండా ప్రైవేటు ఆర్ట్ గ్యాలరీలోకి వెళ్లవచ్చా?

నిస్సంకోచంగా. టికెట్టు ఉండదు, ఎవరూ అడ్డు చెప్పరు. తలుపు గంట నొక్కాల్సి వస్తే నొక్కండి. బతికి ఉన్న చిత్రకారుల పని రంగు ఆరీ ఆరకముందే కనిపించేది అక్కడే.

## బయటికి వచ్చాక

వారం తిరిగేసరికి చూసినవన్నీ కలిసిపోతాయి. గుర్తుండేదెలా?

ఆ రాత్రే మూడు వస్తువుల గురించి మూడేసి వాక్యాలు రాయండి. ఎందుకు ఆగారో రాయండి, తేదీలు అక్కర లేదు. చేతనైనట్టు ఒక చిన్న గీత గీసినా చాలు. గీయాలంటే చేయి ఎటు వంగిందో గుర్తు తెచ్చుకోవాలి కదా, ఆ ప్రయత్నంలోనే వస్తువు మనసులో స్థిరపడుతుంది.

మ్యూజియం దుకాణంలో ఏం కొంటే బాగుంటుంది?

మీరు ఎక్కువసేపు నిలబడిన వస్తువు పోస్టుకార్డు. కొనే ముందు అసలు రంగు గుర్తు తెచ్చుకుని పోల్చండి, అచ్చులో ఎంత తేడా వస్తుందో ఆశ్చర్యపోతారు. ప్రదర్శన పుస్తకం మంచిదే, బరువు మాత్రం చూసుకోండి.

సమయం చాలక వదిలేసినవి ఇంటి నుంచి చూడవచ్చా?

చాలావరకు చూడవచ్చు. మెట్రొపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, కాపీహక్కు లేని లక్షలాది వస్తువుల చిత్రాలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వెబ్‌సైటులో ఉంచింది. రైక్స్‌మ్యూజియం 2022లో రెంబ్రాంట్ ‘నైట్ వాచ్’ను 717 గిగాపిక్సెళ్ల, అంటే 71,700 కోట్ల చుక్కల చిత్రంగా పెట్టింది. పెద్దది చేస్తూ పోతే కుంచె గీతల మధ్య రంగు పగుళ్లు కూడా కనిపిస్తాయి. ఆమ్‌స్టర్‌డాంలో ఆ చిత్రం ముందు కంచెకు ఇవతల నిలబడ్డవారికి దొరకని దగ్గరితనం అది. ముందు మధ్యలో చేయి చాచిన నాయకుడిని వెతకండి. ఆ చేతి నీడ పక్కనున్న పసుపు దుస్తుల మనిషి మీద ఎక్కడ పడిందో చూడండి.